సెషన్ ఫైల్లో పాట ఉండదు

ప్రో టూల్స్‌లోనో, క్యూబేస్‌లోనో, లాజిక్‌లోనో ఒక పాట రికార్డ్ చేసి సేవ్ కొడితే డిస్క్ మీద ఒక ఫైల్ తయారవుతుంది. దాని సైజు ఎప్పుడైనా చూశారా? పాతిక ట్రాకులున్న పాటకి కూడా అది కొన్ని వందల కిలోబైట్లో, మహా అయితే కొన్ని మెగాబైట్లో ఉంటుంది. పాట అందులో లేదు. పాట ఎలా పలకాలో రాసిపెట్టిన చీటీ మాత్రమే ఉంది. ఫలానా ఫోల్డర్లో ఉన్న ఫలానా వేవ్ ఫైల్‌ని 41వ సెకను దగ్గర మొదలుపెట్టు, రెండో చరణంలో గొంతుని కాస్త పెంచు, వయొలిన్లని ఎడమ పక్కకి జరుపు, వాటి మీద ఫలానా కంపెనీ వాళ్ళ రివర్బ్ ఈ కొలతల్లో వెయ్యి. ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే అన్నీ పాయింటర్లు, డిపెండెన్సీలే. ఈ చీటీని ఇంకో కంప్యూటర్‌కి పట్టుకెళ్తే అక్కడ ఆ ఫోల్డర్ ఉండదు, ఆ రివర్బ్ ఉండదు, ఒక్కోసారి ఆ చీటీని చదవగలిగే సాఫ్ట్‌వేరే ఉండదు.

ఇది స్టూడియోల్లో పనిచేసేవాళ్ళు పడాల్సిన చిన్న తలనొప్పి అని వదిలేయొచ్చు. కానీ గత నలభై, యాభై ఏళ్ళ రికార్డింగ్ చరిత్రని ఈ పక్క నుంచి చూస్తే ఒకటే ప్రశ్న మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరాల్సింది చెవికి వినపడే ధ్వనా, ఆ ధ్వని అలా రావడానికి తీసుకున్న నిర్ణయాలా? రెండూ కలిసి క్షేమంగా చేరిన సందర్భాలు చాలా తక్కువ. ఏదో ఒకటి దారిలో రాలిపోతుంది. ఏది రాలిపోయిందన్నదే ఈ చరిత్రంతా.

టేపు కాలం గురించి ఇప్పుడు అందరూ కొంచెం ముచ్చటగా మాట్లాడతారు. ముచ్చటపడటానికి కారణం లేకపోలేదు. రెండంగుళాల వెడల్పు టేపు మీద 24 ట్రాకులు పట్టేవి. ఆ రీలుని ఒక ఊళ్ళో రికార్డ్ చేసి ఇంకో దేశంలో 24 ట్రాకుల మిషను మీద ఎక్కిస్తే మోగేది. సెకనుకి 30 అంగుళాల వేగంతో తిరిగితే 2500 అడుగుల రీలు పదహారున్నర నిమిషాలు వస్తుంది, అంటే మూడు నాలుగు పాటలు. ఆ రీలే పాట. అయితే ఇక్కడ కూడా చీటీ ఒకటి ఉండేది. ఏ ట్రాకులో ఏముందో చెప్పే ట్రాక్ షీట్ డబ్బా లోపలే పెట్టేవాళ్ళు. టేపు వేగమెంత, ఏ ఈక్వలైజేషన్‌లో ఎక్కించారు, డాల్బీ వాడారా లేదా అన్నది డబ్బా మీద రాసేవాళ్ళు. రీలు మొదట్లో కొన్ని టోన్లు రికార్డ్ చేసేవాళ్ళు. అవతలి స్టూడియోలో ఇంజనీరు ముందు ఆ టోన్లు వేసుకుని, తన మిషనుని ఆ రీలుకి తగ్గట్టు సరిచేసుకుని, అప్పుడు పాట వినేవాడు. ఇప్పటి ఏ ఫైల్ ఫార్మాట్‌లోనూ ఇంత మర్యాద నాకు కనపడలేదు.

కానీ ఆ రీలులో లేనిదేమిటో కూడా చూడాలి. మిక్సింగ్ కన్సోల్ మీద వందల నాబ్‌లు ఏ స్థానాల్లో ఉన్నాయో రీలుకి తెలీదు. అందుకే కాగితాల మీద నాబ్‌ల బొమ్మలు అచ్చేసుకుని వాటి స్థానాలు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకునేవాళ్ళు. 1980ల మొదట్లో ఎస్ఎస్ఎల్ కంపెనీ తన కన్సోళ్ళలో 'టోటల్ రీకాల్' అనే సదుపాయం పెట్టింది. పేరు ఘనంగా ఉంది కానీ, కన్సోల్ తనంతట తాను పాత స్థితికి వెళ్ళేది కాదు. నాబ్‌లు ఒకప్పుడు ఎక్కడున్నాయో తెర మీద చూపించేది. స్టూడియోలో కుర్రాడు ఆ తెర చూస్తూ ఒక్కొక్క నాబ్‌నీ చేత్తో తిప్పాలి. ధ్వని రీలులో ప్రయాణించింది, నిర్ణయాలు ఆ కుర్రాడి వేళ్ళ మీదుగా ప్రయాణించాయి.

1983లో దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచే వస్తువు ఒకటి వచ్చింది. ఆ ఏడు జనవరిలో ఒక ట్రేడ్ షోలో సీక్వెన్షియల్ కంపెనీ ప్రాఫెట్-600నీ, రోలండ్ కంపెనీ జూపిటర్-6నీ ఒక కేబుల్‌తో కలిపారు. ఒకదాని మీద మీట నొక్కితే రెండోది పలికింది. అదే మిడి. ఈ ప్రమాణం కోసం పోటీ కంపెనీలని ఒప్పించడానికి తిరిగిన డేవ్ స్మిత్‌కీ, ఇకుతారో కకెహాషికీ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. మిడిలో ధ్వని ఒక్క చుక్క కూడా ఉండదు. ఏ మీట, ఎంత గట్టిగా, ఎప్పుడు నొక్కారు, ఎప్పుడు వదిలారు, అంతే. 1988లో స్టాండర్డ్ మిడి ఫైల్ వచ్చాక, ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో వాయించింది ఇంకో కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తెరవడం కుదిరింది. ఒక పాట మొత్తం కొన్ని పదుల కిలోబైట్లు. ఒక్క ఫ్లాపీలో పది పాటలు పడతాయి. అంత తేలికైన ప్రయాణం అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు.

అవతలికి చేరాక ఏం మోగుతుంది అన్నదే సమస్య. నేను వాయించింది నా సింథసైజర్లో ఫ్లూట్, మీ సింథసైజర్లో అదే నంబరు దగ్గర డ్రమ్స్ ఉంటే నా మెలొడీ మీ ఇంట్లో డ్రమ్స్ మీద మోగుతుంది. 1991లో జనరల్ మిడి అని ఒక జాబితా చేసి 128 వాయిద్యాలకి 128 నంబర్లు ఖాయం చేశారు. ఒకటో నంబరు పియానో. 105 సితార్. 112 షెహనాయి. వీణ లేదు, నాదస్వరం లేదు. తాళవాద్యాల జాబితా విడిగా ఉంది, అందులో మృదంగమూ లేదు, తబలా కూడా లేదు. జాబితా చేసినవాళ్ళని తప్పుపట్టడానికి చెప్పడం లేదు, 128లో ప్రపంచాన్ని ఇరికించమంటే ఎవరైనా అంతే చేస్తారు. కానీ జాబితాలో చోటు దొరకని వాయిద్యానికి ప్రయాణం కూడా లేదు.

వాయిద్యం దొరికినా గమకం చిక్కు గమకానిదే. కీబోర్డు మీద గమకం పలికించాలంటే పిచ్ బెండ్ చక్రం తిప్పాలి. మిడి ఆ కదలికని 0 నుంచి 16383 దాకా అంకెలుగా రాసుకుంటుంది. 8192 దగ్గర చక్రం మధ్యలో ఉన్నట్టు. అయితే చక్రం చివరిదాకా తిప్పితే స్వరం ఎంత దూరం జరగాలన్నది ఆ అంకెలో లేదు, అది అవతలి మిషను సెట్టింగ్‌లో ఉంది. జనరల్ మిడి ప్రకారం రెండు అర్ధస్వరాలు. ఎవరైనా తన మిషన్లో దాన్ని పన్నెండుకి పెట్టుకుని ఉంటే, మీరు రిషభం నుంచి గాంధారం దాకా మెల్లిగా లాగిన జారు అక్కడ ఒక స్థాయి మొత్తం ఎగిరి దూకుతుంది. అంకె ఒక్కటి కూడా మారలేదు. ఫైల్ చెక్కుచెదరకుండా చేరింది. రాగం చేరలేదు.

ఇక్కడ కంప్యూటర్లని కాసేపు పక్కనపెట్టాలి, ఎందుకంటే ఈ కథ తెలుగువాళ్ళకి కొత్తది కాదు. తాళ్ళపాక వారి సంకీర్తనలు వేల సంఖ్యలో రాగిరేకుల మీదకి ఎక్కి, తిరుమల ఆలయంలో సంకీర్తన భాండారంలో శతాబ్దాల పాటు ఉండిపోయాయి. ప్రతి పాట నెత్తిన రాగం పేరుంది, కింద సాహిత్యం ఉంది. స్వరం లేదు. చెక్కించినవాళ్ళకి అది లోటుగా అనిపించి ఉండదు. రాగం పేరు చెప్తే పాడగలిగే గొంతులు ఆ రోజున గుడిలోనే ఉన్నాయి మరి. ఆ గొంతుల వరస తెగిపోయాక రేకుల మీద మిగిలినది రెఫరెన్సే. అబాలి, కొండమలహరి లాంటి రాగాల పేర్లు ఇప్పుడు కచేరీల్లో వినపడవు. ముఖారి లాంటివి వినపడతాయి, కానీ 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధిలో చెప్పిన ముఖారి స్వరాలు వేరు, ఇవాళ మనం ముఖారి అని పాడుకునే రాగం స్వరాలు వేరు. పేరు అదే, వెర్షన్ మారిపోయింది. మనం ఇవాళ వినే అన్నమయ్య పాటల్లో చాలావాటి బాణీలు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటివాళ్ళు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. అవి గొప్ప బాణీలే, అందులో సందేహం లేదు. కానీ వాళ్ళు చేసింది తెరవడం కాదు, మళ్ళీ కట్టడం.

మళ్ళీ యంత్రాల దగ్గరికి వద్దాం. 1990ల మొదట్లో రెండు పనులు జరిగాయి. ఒకటి అడాట్. అలీసిస్ కంపెనీ మామూలు ఎస్-వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్ మీద ఎనిమిది డిజిటల్ ట్రాకులు ఎక్కించే మిషను 1991లో ప్రకటించింది, మరుసటి ఏడు అమ్మకానికి పెట్టింది. ఇంట్లో రికార్డ్ చేసిన క్యాసెట్ చంకలో పెట్టుకుని పెద్ద స్టూడియోకి వెళ్ళడం అన్న అలవాటు దాంతోనే జనానికి అబ్బింది. టాస్కామ్ కంపెనీ దానికి పోటీగా తెచ్చిన డీఏ-88 క్యాసెట్ ఇందులో పట్టదు, ఇది అందులో పట్టదు. ఆ గొడవ గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు, రెండూ పోయాయి.

రెండోది హార్డ్ డిస్క్. డిజిడిజైన్ 1989లో సౌండ్ టూల్స్, 1991లో నాలుగు ట్రాకులతో ప్రో టూల్స్ తెచ్చింది. లెక్క వేసి చూడండి. సీడీ నాణ్యతలో ఒక మోనో ట్రాకు నిమిషానికి అయిదు మెగాబైట్ల పైమాట. అయిదు నిమిషాల పాట 24 ట్రాకుల్లో ఉంటే ఆరు వందల మెగాబైట్లు దాటుతుంది. అప్పటి ఇంటర్నెట్ మీద పంపే మాటే లేదు. డిస్కులే విప్పి, సంచిలో పెట్టుకుని తిరిగేవాళ్ళు. పాట, దాని చీటీ రెండు వేర్వేరు ఫైళ్ళుగా విడిపోయింది సరిగ్గా ఇక్కడే. ఆడియో ఫోల్డర్ మర్చిపోయి సెషన్ ఫైల్ ఒక్కటే కాపీ చేసుకొచ్చి, తెరిస్తే అన్నీ ఖాళీ డబ్బాలు కనపడటం అన్నది ఈ కాలంలో పుట్టిన కొత్త రకం దుఃఖం.

ఇంకా విచిత్రమైనది సౌండ్ డిజైనర్ 2 అనే ఫార్మాట్ కథ. ఆ రోజుల్లో మాక్ మీద ప్రో టూల్స్ ఆడియోని ఈ ఫార్మాట్‌లో దాచేది. పాత మాక్‌లో ప్రతి ఫైల్‌కీ రెండు భాగాలు ఉండేవి, డేటా ఫోర్క్ ఒకటి, రిసోర్స్ ఫోర్క్ ఇంకొకటి. ధ్వని మొదటిదాంట్లో, ఆ ధ్వని శాంపిల్ రేటెంత, ఎన్ని బిట్లు అన్న సంగతులు రెండోదాంట్లో. విండోస్‌కి ఈ రెండో భాగం ఉంటుందన్న సంగతే తెలీదు. అందుకని ఫైల్‌ని మామూలుగా విండోస్ డిస్క్ మీదకి కాపీ చేస్తే ధ్వని మొత్తం వచ్చేది, దాన్ని ఎలా చదవాలన్నది జారిపోయేది. ఏ ఎర్రర్ మెసేజీ ఉండదు. సైజు చూస్తే సరిగ్గానే ఉంటుంది. తెరవబోతే తెరుచుకోదు. మామూలుగా నిర్ణయాలు పోయి ధ్వని మిగులుతుంది కదా, ఇక్కడ ధ్వని బిట్లన్నీ క్షేమంగా ఉండి కూడా పాట పోయింది. ఆ రెండు మూడు సంగతులూ ఊహించగలిగినవాళ్ళు అంకెలు మార్చి మార్చి ప్రయత్నించి రాబట్టుకున్నారు.

1996లో స్టైన్‌బర్గ్ వీఎస్‌టీ తెచ్చింది. ఇక ఎఫెక్టులూ, తర్వాత తర్వాత వాయిద్యాలూ కూడా సాఫ్ట్‌వేర్ ముక్కలైపోయాయి. ప్లగిన్ అంటాం. దీని వల్ల ఇళ్ళల్లో స్టూడియోలు పుట్టాయి, మన హైదరాబాదులో సగం ఇండిపెండెంట్ సంగీతం దీని దయే అంటాను. కానీ ప్రయాణం కోణంలో చూస్తే ఇదే అన్నిటికంటే పెద్ద దెబ్బ. ఇప్పుడు పాట తెరుచుకోవాలంటే ఆ సాఫ్ట్‌వేర్ ఉండాలి, ఆ వెర్షన్ ఉండాలి, అందులో వాడిన డజను ప్లగిన్లూ ఉండాలి, వాటి లైసెన్సులు చెల్లుబాటు కావాలి. దీనికి తోడు కింద ప్రాసెసర్లే మారిపోతున్నాయి. ఆపిల్ 1994లో, 2006లో, 2020లో మూడుసార్లు ప్రాసెసర్ కుటుంబాన్నే మార్చింది. 2019లో వచ్చిన మాక్ ఓఎస్ కాటలీనా 32 బిట్ల ప్రోగ్రాములన్నిటినీ ఒక్కసారిగా ఆపేసింది. రాసినవాళ్ళు ఎప్పుడో వదిలేసిన ప్లగిన్ని 64 బిట్లకి ఎవరు మారుస్తారు?

కంపెనీలు అమ్ముడుపోవడం ఇంకో కథ. మిడినీ ఆడియోనీ ఒకే తెర మీద కలిపి చూపించిన తొలి ప్రోగ్రాముల్లో ఓప్‌కోడ్ వాళ్ళ స్టూడియో విజన్ ముఖ్యమైనది. 1998లో గిటార్ల కంపెనీ గిబ్సన్ ఓప్‌కోడ్‌ని కొన్నది, మరుసటి ఏడాదికి పని ఆగిపోయింది. 2002 జూలైలో ఆపిల్ ఎమాజిక్‌ని కొన్నది. లాజిక్ విండోస్ వెర్షన్‌కి ఆ సెప్టెంబరు 30తో తెర దించేశారు. విండోస్ మీద లాజిక్‌తో పాటలు కట్టుకున్నవాళ్ళు మాక్ కొనుక్కోవాలి, లేదా ఆ పాత కంప్యూటర్ చచ్చిపోకుండా చూసుకోవాలి. 2013లో కేక్‌వాక్ కూడా గిబ్సన్ చేతికే వచ్చింది. 2017 నవంబరులో సోనార్ తయారీ ఆపేశామని ప్రకటించారు. మూణ్ణెల్లకి బ్యాండ్‌ల్యాబ్ కొని దాన్ని బతికించింది. అంటే ఒక పాట మళ్ళీ తెరుచుకుంటుందా లేదా అన్నది దాన్ని కట్టినవాళ్ళ చేతుల్లోంచి జారి, ఎప్పుడూ చూడని ఒక బోర్డు మీటింగ్‌లోకి వెళ్ళిపోయింది.

నా ఇంజనీరింగ్ స్నేహితుడొకడు పదిహేనేళ్ళ కిందట ఇంట్లో ఒక ఆల్బం మొదలుపెట్టాడు. వాళ్ళ వీణ మాష్టారు నాలుగు పాటలకి వాయించారు. పక్కన కూర్చుని మిక్సింగ్ కూడా చేయించారు. పోయిన ఏడాది ఆ డిస్క్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. మాష్టారు అప్పటికి లేరు. సెషన్ తెరుచుకుంది. పదకొండు ప్లగిన్లు లేవని జాబితా వచ్చింది. అందులో సగం అప్పట్లో అందరూ వాడినట్టే క్రాక్ చేసి వాడినవి, ఇప్పుడు కొందామన్నా ఆ వెర్షన్ దొరకదు. సింథసైజర్ ట్రాకులన్నీ మూగ. వీణ మాత్రం మైకు పెట్టి రికార్డ్ చేసింది కాబట్టి చెక్కుచెదరకుండా ఉంది, ముక్కలుముక్కలుగా, 'ఆడియో 07_12' లాంటి పేర్లతో. మావాడికి కావాల్సింది వేరు. వీణ మీద రివర్బ్ ఎంత ఉండాలన్న దాని మీద మాష్టారు ఒక సాయంత్రమంతా వాదించి తనకి నచ్చినట్టు పెట్టించారట. ఆ కొలత ఒక మూసుకుపోయిన ప్లగిన్ లోపల ఉంది. 128 కేబీపీఎస్ ఎంపీ3 ఒకటి మిగిలింది కాబట్టి అది ఎలా వినపడాలో మాకు తెలుసు. అలా మళ్ళీ చెయ్యడానికి మూడు ఆదివారాలు పట్టింది, అయినా అది మా చెవుల రివర్బే.

ఈ ఇబ్బంది పరిశ్రమకి తెలీదని కాదు. 1990ల్లో అవిడ్ నాయకత్వంలో ఓఎమ్ఎఫ్, 2000 ప్రాంతంలో ఏఏఎఫ్ అని మార్పిడి ఫార్మాట్లు వచ్చాయి. సినిమా సౌండ్ వాళ్ళకి అవి ప్రాణం. ఎడిటర్ దగ్గర నుంచి సౌండ్ డిజైనర్ దగ్గరికి ఏ ముక్క ఏ ఫ్రేము దగ్గర ఉందో, ఎక్కడ ఫేడ్ అవుతుందో మోసుకెళ్తాయి. ప్లగిన్ల దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తాయి. 1997లో యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ బ్రాడ్‌కాస్ట్ వేవ్ అని ఒక ప్రమాణం ఇచ్చింది. మామూలు వేవ్ ఫైలే, ఎక్కడ మొదలవ్వాలో చెప్పే టైమ్ స్టాంప్ అందులోనే ఉంటుంది. 2000ల్లో అమెరికా రికార్డింగ్ అకాడమీ ఇంజనీర్ల విభాగం ఇచ్చిన సలహా ఇంకా మొరటైనది: ప్రతి ట్రాకునీ సున్నా నుంచి మొదలయ్యే ఒకే పొడుగు వేవ్ ఫైల్‌గా చేసెయ్యండి. చివరి చరణంలో ఒక్కసారి మోగే గంట ఉంటే, దాని ముందు నాలుగు నిమిషాల నిశ్శబ్దం కూడా ఫైల్లో ఉండాలి. డిస్క్ దండగ. కానీ అన్నిటినీ ఏ సాఫ్ట్‌వేర్లోనైనా ఒకదాని కింద ఒకటి పేర్చి మీట నొక్కితే పాట మోగుతుంది. సరే, నిర్ణయాలు పోతే పోనీ, ధ్వనైనా దక్కించుకుందాం అని పరిశ్రమ ఓటమి ఒప్పుకున్న చోటు ఇది.

నిజానికి మన సినిమా పాటలు ఎప్పటినుంచో ఇలాగే ప్రయాణిస్తున్నాయి. 1992లో రోజా తెలుగులోకి డబ్ అయినప్పుడు రాజశ్రీ రాసిన మాటలు కూర్చున్నది ముందే సిద్ధమైన సంగీతం మీద. డబ్బింగ్ పాటకి కావాల్సింది గొంతు తీసేసిన సంగీతం, అంతే. ఎలా కట్టారన్నది అడగరు. ట్రాక్ సింగర్ పాడి వెళ్ళిపోయాక అసలు గాయకుడు ఇంకో ఊళ్ళో పాడటం, వయొలిన్లు ఒక దేశంలో, ఫ్లూట్ ఒక నగరంలో రికార్డ్ అవడం, ఇవన్నీ సాధ్యమయ్యేది అందరూ బౌన్స్ చేసిన వేవ్ ఫైళ్ళే ఇచ్చిపుచ్చుకుంటారు కాబట్టి. పని నడుస్తుంది. కాకపోతే ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పాట ఎలా కట్టారో చదువుకుందామని ఎవరైనా వస్తే వాళ్ళకి దొరికేది గోడే, ఇటుకలు ఎలా పేర్చారో దొరకదు. రచయితల చిత్తుప్రతుల మీద పీహెచ్‌డీలు చేసే మనకి ఇది చిన్న నష్టంలా అనిపించకూడదు.

వేవ్ చేసి దాచినా డిస్క్ బతకాలి కదా. సంగీత కంపెనీల మాస్టర్లు భద్రపరిచే ఐరన్ మౌంటెన్ సంస్థ వాళ్ళు 2024లో చెప్పిన మాట చాలామందిని కుదిపింది. తమ దగ్గరికి వస్తున్న 1990ల నాటి హార్డ్ డిస్కుల్లో సుమారు అయిదో వంతు చదవడానికి వీల్లేకుండా పోయాయట. వాటికంటే ముందటి టేపులు చాలావరకు ఇంకా మోగుతూనే ఉన్నాయి.

2023లో బిట్‌విగ్, ప్రీసోనస్ కంపెనీలు కలిసి డాప్రాజెక్ట్ అనే ఫార్మాట్‌ని అందరికీ ఉచితంగా ఇచ్చాయి. 2024 చివర్లో వచ్చిన క్యూబేస్ 14 కూడా దాన్ని అందుకుంది. పేరు మార్చిన జిప్ ఫైల్ అది. విప్పితే లోపల ఎక్స్ఎమ్ఎల్ ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో చదువుకోవచ్చు. ట్రాకుల పేర్లు, టెంపో, స్వరాలు, గొంతు ఎక్కడ పెరిగింది ఎక్కడ తగ్గింది, అన్నీ మామూలు అక్షరాల్లో ఉంటాయి. నాలాంటివాడికి చూస్తేనే కడుపు నిండే ఫార్మాట్. ప్లగిన్ల సంగతి కూడా అందులో ఉంది, ఫలానా ప్లగిన్ అని పేరు, దాని పక్కన ఒక ఫైల్. ఆ ఫైల్ని మాత్రం ఆ ప్లగిన్ రాసుకున్నది రాసుకున్నట్టే ఉంచేశారు. ఆ ప్లగిన్ ఉన్న కంప్యూటర్లో తప్ప అది ఇంకెక్కడా తెరుచుకోదు.